చప్పట్ల వేళ అడిగిన ప్రశ్న

ఒక మాటను మింగేసి ఇన్నేళ్ళు నెట్టుకొచ్చాను. అది అరగలేదు, బయటికీ రాలేదు. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకున్నప్పుడు అక్కడే ఉంటుంది. పెరట్లో కరివేపాకు మొక్కకి నీళ్ళు పోస్తున్నప్పుడు మరీ ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు ఏదో ఒక పని పెట్టుకుని దాన్ని పక్కకి తోసేవాణ్ణి. ఇప్పుడు పనులు తగ్గిపోయాయి. తోసే ఓపికా తగ్గిపోయింది. అందుకని రాస్తున్నాను.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. మనిద్దరికీ ఉన్న సౌకర్యం అదొక్కటే. తెలిసినవాళ్ళకి చెప్పబోయి ఆగిపోయిన సందర్భాలు చాలా ఉన్నాయి. మా ఆవిడకి ఒకసారి సగం చెప్పాను. "ఇంతోటి దానికి ఇంత బాధా? మొక్కలే కదా!" అంది. ఆవిడ తప్పేం లేదు. నేను చెప్పిన సగంలో మొక్కలే ఉన్నాయి. మనిషి రెండో సగంలో ఉన్నాడు.

ఆ మనిషిని పైడిరాజు అని పిలుస్తాను. అసలు పేరు వేరు. దాన్ని రాయడానికి చెయ్యి రావడం లేదు.

మాది కడియం వైపు. నర్సరీల మధ్య పుట్టాను. అంటు కట్టడం, మట్టి కలపడం, పిలకలు వేరుచేసి నాటడం ఎవరూ కూర్చోబెట్టి నేర్పక్కర్లేకుండానే వచ్చేశాయి. మాకు సొంత నర్సరీ లేదు, ఎవరి దగ్గరో పని చేసేవాళ్ళం. తొంభైల్లో మా అక్క మొగుడు, ఉక్కు ఫ్యాక్టరీలో పని చేసే బావ, "ఇక్కడికి వచ్చెయ్యరా, ఏదో ఒకటి చూద్దాం" అంటే పెళ్ళాం పిల్లలతో విశాఖపట్నం వచ్చాను. కొన్నాళ్ళు ఉక్కునగరంలో వాళ్ళ క్వార్టర్లోనే తలదాచుకున్నాం. ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరకలేదు. ఆటోనగర్ అంచున ఒక తోటలో దొరికింది.

తోటంటే పెద్దదేం కాదు. మూతపడ్డ గోడౌను వెనక ఖాళీ స్థలం. ఒక పక్క లేతు మిషన్ల రొద, ఇంకో పక్క లారీల దుమ్ము. గ్రేసమ్మగారని రిటైరైన టీచరు ఒకావిడ ఒక సొసైటీ వాళ్ళని బతిమాలి ఆ స్థలం తీసుకుని, బుద్ధి ఎదగని పెద్దవాళ్ళ కోసం తోటపని మొదలుపెట్టారు. పిల్లలు కాదు, పెద్దవాళ్ళు. పిల్లలుగా ఉన్నంతకాలం వాళ్ళకి ఏదో ఒక బడి ఉంటుంది. మీసాలొచ్చాక, చీర కట్టే వయసొచ్చాక ఎవరికీ అక్కర్లేదు. గ్రేసమ్మగారి తమ్ముడు అలాంటివాడేనట. ఇంట్లో ఒక మూల కూర్చుని, కూర్చునే పెద్దవాడై, కూర్చునే పోయాడట. బయటివాళ్ళు వాళ్ళని ఏవేవో పేర్లతో పిలిచేవారు. మేం "మనవాళ్ళు" అనేవాళ్ళం.

ఒక పాత వ్యాను పొద్దున్నే గాజువాక, మల్కాపురం చుట్టుపక్కల తిరిగి మనవాళ్ళని ఎక్కించుకొచ్చేది. సాయంత్రం మళ్ళీ దించేసేది. మధ్యలో కుండీలు నింపేవాళ్ళం, నారు పోసేవాళ్ళం, క్రోటన్లు పెంచి ఉక్కునగరం క్వార్టర్లవాళ్ళకి అమ్మేవాళ్ళం. నన్ను అందరూ "కడియం మాస్టారు" అనేవారు. నా చేతిలో ఎండుపుల్ల కూడా చిగురేస్తుందని గ్రేసమ్మగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. అది విన్నప్పుడల్లా పైకి తల అడ్డంగా ఊపేవాణ్ణి గానీ లోపల పొంగిపోయేవాణ్ణి. మా ఊళ్ళో నేనొక కూలివాణ్ణి. ఇక్కడ మాస్టార్ని. ఆ తేడా నాకు ఎంత అవసరమో అప్పుడు తెలియదు.

పైడిరాజు మల్కాపురం నుంచి వచ్చేవాడు. ముప్ఫై ఏళ్ళ మనిషి, నాకంటే పొడుగు. తండ్రి లేడు. తల్లి నూకాలమ్మ పోర్టు గేటు దగ్గర ఇడ్లీలు అమ్మేది. ఆ వైపు ఇళ్ళ మీద, చెట్ల మీద ఎప్పుడూ నల్లటి ధూళి పేరుకుని ఉంటుందని మీకు తెలిసే ఉంటుంది. అందుకేనేమో పైడిరాజుకి శుభ్రమైన ఆకు అంటే పిచ్చి. తడిగుడ్డ ఒకటి భుజాన వేసుకుని క్రోటన్ల ముందు గొంతుక్కూర్చుని ఒక్కొక్క ఆకునీ కింద అరచెయ్యి పెట్టి పైన గుడ్డతో తుడిచేవాడు, చంటిపిల్లల మొహం తుడిచినట్టు. వరస పూర్తయ్యేసరికి మొదటి మొక్క మీద మళ్ళీ దుమ్ము పడేది. వాడికి విసుగు లేదు. మళ్ళీ మొదలుపెట్టేవాడు.

ఇక చప్పట్ల సంగతి చెప్పాలి. అది నేను పెట్టిన అలవాటే. గ్రేసమ్మగారు ఒకసారి అన్నారు, మనవాళ్ళు పుట్టినప్పట్నుంచీ "ముట్టుకోకు, విరగ్గొడతావు, నువ్వు చేశావా ఇది?" అన్న మాటలే విని పెరిగారని. ఎవరు చేశారంటే చాలు, దెబ్బ పడుతుందని ముడుచుకుపోతారని. అది నా మనసులో పడింది. అందుకని రోజూ సాయంత్రం వ్యాను ఎక్కేముందు అందర్నీ గుండ్రంగా నిలబెట్టి, ఆ రోజు బాగా జరిగిన పని దగ్గరికి వెళ్ళి, గొంతు పెంచి, కొంచెం రాగం తీసి అడిగేవాణ్ణి: "ఈ గులాబీకి పాదు ఎవరు తీశారూ?" తీసినవాళ్ళు చెయ్యి ఎత్తి "నానే మాస్టారూ!" అనాలి. అందరూ చప్పట్లు కొట్టాలి. అంతే ఆట. మొదట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. నేనే చెయ్యి పట్టుకుని ఎత్తించేవాణ్ణి. కొన్నాళ్ళకి ఆ వేళ కోసమే పని చేసేవాళ్ళు తయారయ్యారు. నోరు విప్పని ఆడపిల్ల ఒకతె మొదటిసారి "నానే" అన్న రోజు గ్రేసమ్మగారు కళ్ళు తుడుచుకున్నారు. ఆ ఒక్క పనీ నా జీవితంలో నేను చేసిన మంచి పని అని ఇప్పటికీ అనుకుంటాను. దాన్నే తర్వాత దేనికి వాడుకున్నానో చెప్పడానికే ఇదంతా.

పైడిరాజుకి చప్పట్లంటే ఆశ. తను చేసినా చెయ్యకపోయినా చెయ్యి ఎత్తేసేవాడు. "ఈ బంతి నారు ఎవరు పోశారూ?" "నానే!" "ఈ కుండీ ఎవరు మోశారూ?" "నానే!" అబద్ధమాడాలని కాదు. ఆ ప్రశ్నకి ఉన్న జవాబు అదొక్కటే అని వాడి లెక్క. అడిగారు కాబట్టి నేనే అనాలి, అంటే చప్పట్లు వస్తాయి. ఒక వానరోజు సరదాకి అడిగాను: "ఈ వాన ఎవరు కురిపించారూ?" వాడు రెండు చేతులూ ఎత్తేశాడు. "నానే మాస్టారూ!" అందరం పడీ పడీ నవ్వాం. చప్పట్లు కూడా కొట్టాం. వాడు మా అందరికంటే ఎక్కువ నవ్వాడు. కాబట్టి నాకు తెలుసు. ఏమడిగినా వాడు ఏమంటాడో నాకు తెలుసు. ఇది గుర్తుపెట్టుకోండి.

ఆ ఏడు సొసైటీ వాళ్ళ వార్షికోత్సవానికి చామంతి కుండీలు కావాలన్నారు. స్థలం ఇంకొన్నాళ్ళు మా దగ్గర ఉంచాలా వద్దా అని వాళ్ళ కమిటీలో మాటలు నడుస్తున్నాయి. కుండీలు బాగుంటే ఉంచుతారని గ్రేసమ్మగారి ఆశ. వానాకాలం నుంచీ మనవాళ్ళంతా ఆ చామంతుల మీదే ఉన్నారు. పిలకలు నాటారు, చివళ్ళు తుంచారు, పుల్లలు పాతి కట్టారు. చలి మొదలయ్యేసరికి ప్రతి కుండీలోనూ మొగ్గలు. ఇంత బాగా మా ఊళ్ళో కూడా రాలేదు. పైడిరాజు ఆ ఆకులు తుడవబోతే వద్దన్నాను, చామంతి ఆకు తుడిచేది కాదురా అని. అందుకని వాడు వాటి ముందు ఊరికే కూర్చునేవాడు.

మా దగ్గర రెండు స్ప్రేయరు డబ్బాలుండేవి. ఒకటి పురుగు మందుకి. రెండోది దారుల వెంట మొలిచే వయ్యారిభామ లాంటి కలుపుని చంపే మందుకి. ఆ రెండో డబ్బాకి నేనే ఎర్ర గుడ్డ కట్టాను. ఎర్ర గుడ్డ డబ్బా ఎవరూ ముట్టకూడదు. దాంతో మొక్కల మీద ఏదీ కొట్టకూడదు. ఎంత కడిగినా లోపల మందు వాసన చావదు, ఆ కాస్త చాలు పూలమొక్కని చంపడానికి. నర్సరీలో పుట్టినవాడికి ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఆ రోజు వ్యాను మధ్యాహ్నమే మనవాళ్ళనీ గ్రేసమ్మగారినీ తీసుకెళ్ళిపోయాక, చామంతి చివళ్ళలో పేనుబంక కనిపించింది. పురుగు మందు కలిపాను. మంచి డబ్బా వాషరు పోయి నీళ్ళు కారుతోంది. వాషరు మార్చాలంటే ఆటోనగర్లోకి వెళ్ళి తెచ్చుకోవాలి. ఇంతలో ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టు దిగిన బావ ఏదో పని మీద అటుగా వచ్చి, స్కూటరు మీద గేటు దగ్గర ఆగి హారన్ కొడుతున్నాడు. ఆ స్కూటరు ఎక్కితే ఎండలో బస్సు కోసం నిలబడక్కర్లేదు. అంతే కారణం. ఇంకా పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండేదని చాలాసార్లు అనిపించింది. ఎర్ర గుడ్డ డబ్బాలో ఒకసారి నీళ్ళు తిప్పి పారబోశాను. మందు పోశాను. కుండీలన్నిటి మీదా కొట్టాను. డబ్బా అక్కడే కుండీల పక్కన వదిలేసి, చేతులు కడుక్కుని స్కూటరెక్కాను. దారంతా బావ ఏదో చెబుతున్నాడు, నేను ఊ కొడుతున్నాను.

రెండు రోజులకి ఆకులు మెలికలు తిరిగాయి. చూడగానే నాకు అర్థమైపోయింది. కాడలు వంకర్లు పోయి, మొగ్గలు తలలు వేలాడేసి, ఆ మీదట పసుపుపచ్చగా మారి, గోధుమరంగుకి తిరిగాయి. ఒక్క కుండీ మిగల్లేదు. మనవాళ్ళు వాటి చుట్టూ తిరుగుతూ "ఏటైంది మాస్టారూ, ఏటైంది?" అని నన్నే అడిగేవారు.

గ్రేసమ్మగారు కుండీల పక్కన పడున్న ఎర్ర గుడ్డ డబ్బాని చూశారు. "ఇది ఇక్కడికెలా వచ్చింది మాస్టారూ? మనవాళ్ళెవరైనా తీసుంటారా?" అన్నారు.

"అవునండి, ఎవరో తీసినట్టున్నారు" అన్నాను.

మొదటి అబద్ధం అది. ఆవిడే తయారుచేసి నా చేతికిచ్చినంత సులువుగా వచ్చేసింది. అప్పుడే "లేదండి, నేనే" అని ఉంటే? ఆవిడ తిట్టేవారా? నాకు తెలిసి తిట్టేవారు కాదు. కాసేపు కుర్చీలో కూలబడి, ఆ తర్వాత కమిటీ వాళ్ళకి ఏం చెప్పాలా అని ఆలోచించేవారు. నా ఉద్యోగం పోతుందనే భయంతో నోరు మూసుకున్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. పోనీ తోట మూతపడుతుందని, అందరూ రోడ్డున పడతారని కూడా చెప్పుకున్నాను. అదేం కాదు. కడియం మాస్టారు మందు డబ్బా కడక్కుండా చామంతుల్ని చంపాడట అని ఎవరైనా అంటే వినలేకపోయాను. ఆ పేరు పోతే నా దగ్గర ఇంకేం లేదనిపించింది.

కమిటీ వాళ్ళు వచ్చారు. వాళ్ళలో పెద్దాయన ఏదో ఆఫీసులో పెద్ద హోదాలో చేసి దిగినాయన. ఎండిపోయిన కుండీల ముందు నిలబడి గ్రేసమ్మగారితో అన్నాడు, ఇలాంటివాళ్ళకి మందులు అందేట్టు పెడితే ఇవాళ మొక్కల మీద పోశారు, రేపు మనుషుల మీద పోస్తారని. ఎవరు చేశారో తేల్చి ఆ మనిషిని పంపెయ్యండి, లేదంటే మొత్తం మూసెయ్యాల్సి వస్తుందని. గ్రేసమ్మగారు ఎంతో చెప్పారు. ఆయన వినలేదు. మనవాళ్ళంతా చుట్టూ నిలబడి ఉన్నారు. ఆయన వాళ్ళకేసి తిరిగి "ఎవరు చేశారిది?" అని అడిగాడు. పైడిరాజు చెయ్యి ఎత్తి "నానే" అన్నాడు.

ఇక్కడ ఆపాను. లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాను.

లేచే ముందు రాసిన చివరి రెండు వాక్యాలూ పూర్తి నిజం కాదు. ఇన్నేళ్ళూ నాలో నేను ఇలాగే చెప్పుకున్నాను. ఆయన అడిగాడు, వాడు అన్నాడు, మధ్యలో నేను లేను అని. ఒప్పుకుంటానని కూర్చుని మీకు కూడా అదే చెప్పబోయాను. అలవాటు ఎంత గట్టిదో చూడండి.

జరిగింది ఇది. ఆయన అడిగాడు. నిజమే. గద్దించి అడిగాడు. మనవాళ్ళు బెదిరిపోయి ఒకరినొకరు పట్టుకున్నారు. ఎవరూ చెయ్యి ఎత్తలేదు. పైడిరాజు కూడా ఎత్తలేదు. వాడు తల వంచుకుని భుజం మీద గుడ్డ నలుపుకుంటున్నాడు. అప్పుడు గ్రేసమ్మగారు నాకేసి తిరిగారు. "మాస్టారూ, మీరడగండి. మీరడిగితే భయపడరు, ఉన్నదున్నట్టు చెబుతారు" అన్నారు.

నేను ముందుకొచ్చాను. కుండీల పక్కన నిలబడ్డాను. రోజూ నిలబడినట్టే. గొంతు పెంచాను. కొంచెం రాగం తీశాను.

"ఈ చామంతులకి మందు ఎవరు కొట్టారూ?"

నా కళ్ళు ఎక్కడున్నాయి? పైడిరాజు మీద ఉన్నాయి. వేరే ఎవరి మీదా లేవు. వాడు తలెత్తి నన్ను చూశాడు. వాడి మొహం విప్పారింది. బెదిరించే మనిషి పోయి మాస్టారు వచ్చాడు, ఆట మొదలైంది అనుకున్నాడు. చెయ్యి బాగా పైకెత్తాడు.

"నానే మాస్టారూ!"

ఎత్తిన చెయ్యి అలాగే ఉంచి చుట్టూ చూశాడు. వరసలో ఒకరిద్దరు అలవాటుగా చప్పట్లు కొట్టారు కూడా. గ్రేసమ్మగారు కళ్ళు మూసుకున్నారు. పెద్దాయన "అదీ సంగతి" అన్నాడు. ఇంకా చప్పట్లు వస్తాయేమోనని పైడిరాజు నాకేసి చూస్తూనే ఉన్నాడు.

గ్రేసమ్మగారికి వాడి అలవాటు తెలియదా? తెలుసు. కానీ వాన సంగతి ఆవిడ చూడలేదు, ఆ రోజు ఆవిడ ఊళ్ళో లేరు. పైగా అడిగింది నేను. నా మాట మీద ఆవిడకి అంత నమ్మకం. "వీడు నిజంగానే చేసుంటాడంటారా మాస్టారూ?" అని మళ్ళీ ఒకసారి నన్ను పక్కకి పిలిచి అడిగారు. "వాడే అంటున్నాడు కదండీ" అన్నాను. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. అందుకే అంత హాయిగా అనగలిగాను. మర్నాటి నుంచి పైడిరాజు ఇంటి ముందు వ్యాను ఆగలేదు.

వ్యాను ఆపకపోతే నూకాలమ్మే వాణ్ణి బస్సులో తీసుకొచ్చింది. గేటు దగ్గర నేనే ఎదురయ్యాను. ఏం చెప్పాలో తోచక "ఇవాళ వద్దులేమ్మా, రేపు చూద్దాం" అన్నాను. మర్నాడు మళ్ళీ వచ్చారు. మళ్ళీ "రేపు" అన్నాను. ఇలా కొన్ని రోజులు నడిచింది. పైడిరాజు భుజం మీద తడిగుడ్డ ఉండేది. ఇంటి దగ్గరే తడుపుకుని వచ్చేవాడు. వచ్చేసరికి అది ఆరిపోయేది. ఆఖరికి ఒకరోజు నూకాలమ్మ చేతులు జోడించింది.

"బాబూ, మీరు రేపనకండి. ఆడు రేపంటే రేపే అనుకుంతాడు. తెల్లారీసరికి లెగిసి కూకుంతన్నాడు. రావద్దనీసి సెప్పీయండి, ఒకపాలి ఏడిసి ఊరుకుంతాడు. ఆ మొక్కల్ని సంపీసినందుకు నాను ఆడి సేతులిరిగేలా కొట్టినాను బాబూ. ఇంక ముట్టడు. అయినా ఒద్దంతే ఏటి సేత్తాం, మా రాత."

నేను కొట్టాల్సిన దెబ్బలు ఆవిడ కొట్టింది. నేను తినాల్సినవి వాడు తిన్నాడు. ఆ క్షణంలో, ఆ గేటు దగ్గర, లారీల మధ్య, ఒక్క మాట చెబితే సరిపోయేది. వినడానికి ఆవిడ తప్ప ఎవరూ లేరు కూడా. "రావద్దమ్మా" అని చెప్పాను.

తర్వాత సంగతి వ్యాను డ్రైవరు చెప్పేవాడు. తల్లి పోర్టు గేటుకి వెళ్ళేటప్పుడు వాణ్ణి ఇంట్లో పెట్టి బయట తాళం వేసుకుని వెళుతోందట. వ్యాను హారన్ వినిపిస్తే కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడుతున్నాడట. డ్రైవరు ఆ వీధిలో హారన్ కొట్టడం మానేశాడు. ఆ మనిషికున్న జాలి నాకు లేకపోయిందా అని అడగకండి. జాలి ఉంది. బోలెడంత ఉంది. నోరే లేదు.

కమిటీ వాళ్ళు స్థలం ఉండనిచ్చారు. మందులన్నీ ఒక గదిలో పెట్టి తాళం వెయ్యాలన్నారు. తాళంచెవి బాధ్యత గల మనిషి దగ్గర ఉండాలన్నారు. నా దగ్గర పెట్టారు.

చప్పట్ల ఆట నేనే మాన్పించాను. ఆ రాగం నా నోటెంట మళ్ళీ రాలేదు. కొన్నాళ్ళు మనవాళ్ళు సాయంత్రం కాగానే వాళ్ళంతట వాళ్ళే గుండ్రంగా నిలబడి నాకోసం చూసేవారు. "ఎక్కండి ఎక్కండి, టైమైపోతోంది" అని వ్యాను వైపు తోలేవాణ్ణి. పోగా పోగా నిలబడడం మానేశారు. ఎందుకు మానేశావని ఎవరూ అడగలేదు. ఆ నోరు విప్పని అమ్మాయి మళ్ళీ నోరు మూసుకుంది. అది కూడా నా ఖాతాలోదే.

ఏళ్ళు గడిచాయి. నేను మాస్టారుగానే ఉన్నాను. రెండు వేలు దాటాక సొసైటీ వాళ్ళు స్థలం ఎలాగూ వెనక్కి తీసుకున్నారు, అక్కడ ఏదో షెడ్డు లేచింది. ఏ తోటని కాపాడ్డానికని నాకు నేను చెప్పుకున్నానో ఆ తోటా పోయింది. గ్రేసమ్మగారు మంచాన పడ్డారు. చూడ్డానికి వెళితే నా చెయ్యి పట్టుకుని, "ఒకసారి మల్కాపురం వెళ్ళి పైడిరాజు ఎలా ఉన్నాడో చూసిరండి మాస్టారూ. వాణ్ణి పంపేసి తప్పు చేశానని రోజూ ప్రార్థనలో అడుగుతూ ఉంటాను" అన్నారు. నా బరువు ఇన్నాళ్ళూ ఆవిడ కూడా మోస్తున్నారన్న మాట. అప్పుడైనా దించవచ్చు కదా? "చూసొస్తానండి" అన్నాను.

వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను, నమ్మండి. దారిలో మాటలు కూడా కూర్చుకున్నాను. నూకాలమ్మ బాగా ముసలిదైపోయింది. వ్యాపారం మానేసి ఇంటి దగ్గరే ఉంటోంది. నన్ను చూసి కంగారుగా కుర్చీ తుడిచి వేసింది. పైడిరాజు గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. జుట్టు నెరిసింది. ఒళ్ళు వచ్చింది. "మాస్టారూ" అన్నాడు. చేతులు రెండూ చంకల్లో దాచుకుని కూర్చున్నాడు.

గుమ్మం పక్కన పాత నూనె డబ్బాలో ఒక క్రోటన్ మొక్క ఉంది. తలుపులు, గోడ, పక్కింటి వేపచెట్టు, అన్నిటి మీదా నల్లటి ధూళి. ఆ ఒక్క మొక్క ఆకులు మాత్రం తుడిచిన అద్దంలా మెరుస్తున్నాయి. ఎవరు చేస్తున్నారో చెప్పక్కర్లేదు. మాటలు ఎలా మొదలుపెట్టాలో తెలియక, వాణ్ణి నవ్వించి మొదలుపెడదామనుకున్నాను. ఏళ్ళ తర్వాత ఆ రాగం తీశాను.

"ఈ ఆకులు ఎవరు తుడిచారూ?"

పైడిరాజు చేతులు ఇంకా లోపలికి ముడుచుకున్నాడు. గోడకి జరిగిపోయాడు.

"నాను కాదు మాస్టారూ. నాను కాదు. నాను కాదు."

తల్లి లోపల్నుంచి "ఆడు ముట్టడు బాబూ, ఆ దినం నుంచీ మొక్కన్నది ముట్టడు" అని అంటోంది, నాకు భరోసా ఇస్తున్నట్టు. ఆవిడ చూడనప్పుడు తుడుస్తున్నాడు. దొంగతనంగా తుడుస్తున్నాడు. దాచుకోవలసిన తప్పు వాడిది అనుకుంటున్నాడు.

నేను కూర్చుకున్న మాటలు ఏమయ్యాయో తెలియదు. ఆవిడ ఇచ్చిన టీ తాగాను. లేచి వచ్చేశాను. గ్రేసమ్మగారికి "బాగున్నాడండి, హాయిగా ఉన్నాడు" అని చెప్పాను. ఆవిడ దేవుడికి స్తోత్రం చెప్పుకున్నారు. కొన్నాళ్ళకి పోయారు. చర్చిలో ఆవిడ పెట్టె మీద నేను కూడా పూలు పెట్టాను. అవి చామంతులే. వేరే పూలు దొరకలేదు.

నూకాలమ్మ కూడా పోయిందని తర్వాత తెలిసింది. కొడుకే చేశాడనుకుంటూ పోయింది. పైడిరాజుని విజయనగరం వైపు ఎవరో అక్క తీసుకెళ్ళిందన్నారు. ఏ ఊరో కనుక్కోవచ్చు. రెండు చోట్ల అడిగితే తెలుస్తుంది. అడగలేదు. వెళ్ళి "అది నువ్వు కాదురా, నేను" అని చెబితే వాడికి అర్థమవుతుందా అని నన్ను నేను ప్రశ్నించుకుని, అర్థం కాదులే అని నేనే జవాబు చెప్పుకుని ఊరుకున్నాను. అర్థమవుతుందేమోనన్నదే అసలు భయం.

మీరు నన్ను ఏమనుకున్నా ఫరవాలేదు. పోనీలే, వయసైపోయింది, బాధపడుతున్నాడు కదా అని మాత్రం అనకండి. అలా అనే హక్కు ఉన్నవాళ్ళలో ఇద్దరు పోయారు. మూడోవాడు చేతులు చంకల్లో పెట్టుకుని ఎక్కడో కూర్చుని ఉన్నాడు.

ఆ ప్రశ్న ఒకసారి సరైన మనిషిని అడగాలని ఇది రాశాను. ఈ చామంతులకి మందు ఎవరు కొట్టారూ?

నేనే.

రాసి, కలం పక్కన పెట్టి, నిజంగానే చెయ్యి ఎత్తాను. భుజం నొప్పి, పూర్తిగా లేవలేదు. ఇంట్లో ఎవరూ లేరు. కాసేపు అలాగే ఉంచి దించేశాను.